వాచీకి పది మార్కులు

"గోడ మీద గడియారం ఉందిగా, మళ్లీ చేతికొకటి ఎందుకు?" అంది అత్తగారు.

ఆ సమయానికి కోడలు నాలుగు డబ్బాల్లో మధ్యాహ్నం భోజనం సర్దుతోంది. ఒకరికి ఉప్పు తక్కువ. ఒకరికి కారం తక్కువ. ఒకరికి పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి, లేకపోతే వాసనొస్తుందంటారు. నాలుగోది ఆమెది. అందులో మిగిలింది పెట్టాలి.

ఆమె జవాబు కోసం ఆ ఇంట్లో ఎవరూ ప్రశ్న అడగరు. భర్తే చెప్పాడు.

"అది టైం చూసుకునేది కాదమ్మా. పరిగెత్తేవాళ్లది. పైనున్న ఉపగ్రహాలను చూసుకుని ఎంత దూరం వెళ్లామో, ఎంత వేగంగా వెళ్లామో చెబుతుంది."

"ఎంత దూరం వెళ్లిందో ఉపగ్రహం చెప్పాలా? ఎటు పోయినా తిరిగి ఇంటికేగా వచ్చేది."

కూతురు పకపకా నవ్వింది. కాలేజీలో చదువుతోంది, నవ్వడానికి తీరికుంది. "నానమ్మా, భలే అన్నావు. అమ్మా, ఏది కొన్నా గులాబీ రంగు పట్టీ తీసుకో. ఆదివారాలు నేను పెట్టుకుంటా."

ఇంకా కొననే లేదు, వాచీకి అప్పుడే ఆదివారాలు పోయాయి.

ఆమె రక్తపరీక్షల కేంద్రంలో పనిచేస్తుంది. పొద్దున ఎనిమిదింటి నుంచి పరగడుపున వచ్చినవాళ్ల చేతుల్లో సూదులు గుచ్చుతుంది. పదిహేడేళ్లుగా అదే పని. నరం కనబడకపోయినా వేలితో తడిమి పట్టుకుంటుంది. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇద్దరు ఆమెకే ఇన్‌ఛార్జులయ్యారు. ఇప్పుడున్నవాడు మూడోవాడు. వాడు కూడా నేర్చుకుంటున్నాడు.

పరుగు పద్నాలుగు నెలల కిందట మొదలైంది. నడక కోసమని తెల్లవారుజామున వీధిలోకి వెళ్లింది. ఒకరోజు వర్షం పడబోతుంటే తడవకుండా ఇంటికి చేరాలని పరుగెత్తింది. వర్షం పడలేదు. ఆమె మాత్రం ఆగలేదు. ఇంటి మలుపు దాటి, ఇంకో వీధి తిరిగి, ఊపిరి అందక ఎవరిదో గోడ పట్టుకుని నిలబడింది. అప్పుడు తెలిసింది, ఇది తనకు ఇష్టమని. ఏది ఇష్టమని ఎవరూ అడగని మనిషికి ఇష్టమైనది ఒకటి దొరికితే ముందు భయమేస్తుంది. ఎవరైనా చూస్తారేమోనని. చూశారు. "ఈ వయసులో కాలికి బలపం కట్టుకుని ఎక్కడికి?" అన్నది అత్తగారు. "ఆరోగ్యానికి మంచిదేలే" అన్నాడు భర్త. "ఆరూ పదికల్లా కాఫీ టైంకి వచ్చేస్తే చాలు." అనుమతి అలా దొరికింది. అడగకముందే షరతు కూడా దొరికింది.

ఇంకో ఆరు వారాల్లో ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు ఉంది. ఆమె పేరిచ్చింది. దానికోసం వారానికి నాలుగు రోజులు లెక్కగా పరిగెత్తాలి, ఎప్పుడు నెమ్మదిగా పోవాలో, ఎప్పుడు వేగం పెంచాలో తెలియాలి. అందుకే వాచీ. జీతం ఆమెది, చెయ్యి ఆమెది. నేరుగా అంగడికి వెళ్లి కొనుక్కుంటే సరిపోయేది. భోజనాల దగ్గర నోరు జారి చెప్పింది, అదీ తప్పు.

భర్త ఒక కర్మాగారంలో కొనుగోళ్ల విభాగంలో ఆఫీసరు. మూడు కొటేషన్లు లేకుండా, వాటిని పక్కపక్కన పెట్టిన పట్టిక లేకుండా అక్కడ మేకు కూడా కొనరు. ఇంట్లోనూ అంతే. బట్టలుతికే మిషన్‌కి పట్టిక. కూతురి కాలేజీకి పట్టిక. నేల తుడిచే గుడ్డకి కూడా వేశాడొకసారి. తుడిచేది ఆమె అయినా, నీళ్లు ఎంత పీలుస్తుందో, పిండితే ఎంత సులువుగా పిండవచ్చో ఆయనే మార్కులు వేశాడు. తన పెళ్లికి ముందు కూడా ఇలాంటి కాగితం ఒకటి తయారై ఉంటుందని ఆమెకు గట్టి అనుమానం. తాను ఎన్నో వరుసలో ఉండేదో, ఏ రిమార్కుతో నెగ్గిందో. బహుశా, 'మాట్లాడదు' అని రాసుంటాడు.

రెండు రోజుల్లో పట్టిక వచ్చింది. మొదటి వరుసలో సన్న వాచీ. చూడ్డానికి నగలా ఉంటుంది, పెళ్లికీ పేరంటానికీ పెట్టుకోవచ్చు. తాకితే పనిచేసే తెర. సొంత సిమ్ము ఉంటుంది, ఫోన్ వెంట లేకపోయినా ఫోన్లొస్తాయి. మనిషి ఎక్కడుందో ఇంట్లోవాళ్ల ఫోన్లో చుక్కలా కనబడుతుంది. పడిపోతే ఇంటికి కబురు పంపుతుంది. రెండో వరుసలో మందం వాచీ. పరుగుకే పుట్టింది. అయిదు బొత్తాలు. ఒకసారి ఛార్జింగ్ పెడితే పన్నెండు రోజులు. ఎత్తైన భవనాల మధ్య కూడా దారి తప్పు చూపదు. ఫోన్లు రావు. మూడో వరుసలో చవక పట్టీ. మూడు కొటేషన్లు ఉండాలి కాబట్టి అది ఉంది.

"రోజూ వాడకానికి ముప్పై మార్కులు పెట్టాను. పరుగుకి పది" అన్నాడు.

"పరుగు కోసమే కదండీ కొనేది?"

"పరిగెత్తేది గంట. మిగతా ఇరవై మూడు గంటలు?"

ఇరవై మూడు గంటలు తాను ఏం చేస్తుందో ఆయనకు ఒక లెక్క ఉన్నందుకు ఆమెకు ఆశ్చర్యమేసింది.

శాంపిల్ చూడకుండా ఆయన చెప్పుల జత కూడా కొనడు. సన్న వాచీని ఎవరో సహోద్యోగి దగ్గర పది రోజులకు అడిగి తెచ్చాడు. దాన్ని తన ఫోన్‌కే కలిపాడు. "నీకు ఇవన్నీ ఎందుకు గొడవ, నేను చూసుకుంటాగా" అన్నాడు. మందం వాచీని ఆమె కండక్టరమ్మ దగ్గర తెచ్చుకుంది.

కండక్టరమ్మ నిజంగానే బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్ల సర్వీసు. మోకాళ్లు అరిగిపోతాయని డాక్టరు అంటే, నిలబడి అరగదీసుకునేకన్నా పరిగెత్తి అరగదీసుకుంటానని మొదలుపెట్టిన మనిషి. నెమ్మదిగా పరిగెడుతుంది. అదే దారిలో ఎప్పుడూ అరగంట వెనక వస్తుంది. ఎదురుపడితే ఈల వేసినట్టు అరుస్తుంది. తన పాత వాచీ తీసిచ్చి, "పట్టుకుపో అమ్మాయ్. నేను వారం రోజులు వాచీ లేకుండా పరిగెడతా. ఎంత నెమ్మదో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు" అంది.

అలా ఎడమ చేతికి సన్నది, కుడి చేతికి మందంది పెట్టుకుని వారం పరిగెత్తింది. ఎడమ చెయ్యి ఊరుకుంటే ఒట్టు. సోమవారం రెండో కిలోమీటర్లో మోగింది. "చక్కెర డబ్బా ఎక్కడ?" ఎప్పుడూ ఉండేచోటే ఉంది. మంగళవారం మూడోదాంట్లో మోగింది. "మోటారు వేసి వెళ్లావా?" వేసింది, కట్టేసింది కూడా. బుధవారం, "ఏమిటి, చుక్క అక్కడే ఆగిపోయింది? ఎవరితోనైనా మాట్లాడుతున్నావా?" షూ లేసు కట్టుకుంటోంది. అంతకుముందు ఆ పరుగు గంట ఆమె ఒక్కదానిదే. ఇప్పుడు ఇంటి వంటగదినే మణికట్టుకు కట్టుకుని ఊరంతా తిప్పుతున్నట్టుంది. చెమట పట్టిన వేలితో తెర తాకితే పలకదు, ఆపాలంటే ఆగదు, ఫోన్ మాత్రం ఠంచనుగా అందుకుంటుంది. కుడి చేతిది ఉలకదు పలకదు. నొక్కితే పనిచేస్తుంది, నొక్కకపోతే తన పని తాను చేసుకుపోతుంది. గురువారం పొడవు పరుగు అయ్యాక దాని తెర మీద ఒక మాట కనబడింది. ముప్పై ఎనిమిది గంటలు విశ్రాంతి తీసుకోవాలట. ఆమె దాన్ని చదువుతూనే నాలుగు డబ్బాలు కడిగింది. విశ్రాంతి అన్న మాట ఆ ఇంట్లో ఆమెతో ఎవరైనా అనడం అదే మొదలు. అన్నది యంత్రం, పోనీ.

పరీక్షల కేంద్రంలో మందం వాచీతో ఇబ్బందే. చేతి తొడుగు దాని మీదికి రాదు, అంచు చిరుగుతుంది. "ఏంటమ్మా, చేతికి మిషన్ బిగించుకొచ్చావు? పేషెంట్లు భయపడతారు" అన్నాడు ఇన్‌ఛార్జు. వాడి చేతికి అంతకన్నా పెద్దదుంది, దాన్ని చూసి ఎవరూ భయపడలేదు. అదే వాచీలో చిన్న సైజు కూడా ఉందని అక్కడికొచ్చిన ఒక పేషెంటు చెప్పింది, చేతిలో సూది ఉండగానే. ఆమె గుర్తు పెట్టుకుంది.

శనివారం పడింది.

గిడ్డంగుల వెనక రోడ్డు. అయిదూ నలభై. కాలవ మూత ఒకటి పక్క రాయి కన్నా వేలెడు ఎత్తుగా లేచి ఉంది. కాలు తగిలింది. పడుతూ చేతులు చాచింది. మోకాలు చీరుకుపోయింది, అరచేయి గీసుకుపోయింది, ఎడమ చీలమండ మెలిపడింది. లేవబోతే లేవలేకపోయింది. పక్కనున్న రాతి అంచు మీదికి ఎలాగో జరిగి కూర్చుంది.

ఎడమ చేతి వాచీ బుర్‌మంది. 'మీరు పడిపోయినట్టున్నారు. క్షేమమేనా?' అని అడిగింది. ఆమె జవాబివ్వలేదు. వేలికి రక్తం, తెర మీద మట్టి. ఒక నిమిషం ఆగి వాచీయే కబురు పంపించేసింది. 'మీవాళ్లకు తెలియజేశాం' అని చూపింది.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమెకు ఆ సన్న వాచీ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఊరికే తిట్టుకున్నాను దీన్ని, అనుకుంది. ఇప్పుడు ఫోన్ చేస్తాడు. చుక్క కనబడుతుంది, దారి అడగక్కర్లేదు. బండి మీద అయిదు నిమిషాలు. పైజామాతోనే వస్తాడు, చెప్పులు తారుమారుగా వేసుకుని వస్తాడు. ఆ తారుమారు చెప్పులు కళ్లకు కట్టినట్టు కనబడ్డాయామెకు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన కోసం ఆమె అంత ఆశగా ఎదురుచూసింది లేదు. రోడ్డు చివర బండి వెలుగు కనబడినప్పుడల్లా మెడ చాచింది. పాల బండి పోయింది. పేపర్ల బండి పోయింది. తనే ఫోన్ చేయబోతే తెర తాకుడు అందుకోలేదు. చొక్కా అంచుతో తుడిచి మళ్లీ నొక్కింది. ఈసారి మోగింది. పూర్తిగా మోగి ఆగిపోయింది. చక్కెర డబ్బా కోసం ఇంత దూరం వెతుక్కుంటూ వచ్చిన ఫోను, మనిషి కోసం మోగి మోగి ఊరుకుంది. ఆ తర్వాత ఆమె మెడ చాచడం మానేసింది.

కండక్టరమ్మ తన మామూలు వేగంతో, మామూలు టైంకి వచ్చింది. చూసి, గుండెలు బాదుకోలేదు. వంగి చీలమండ నొక్కి చూసింది.

"విరగలేదు. వాచింది. ఎంతసేపయింది?"

"అరగంట అక్కా."

"ఇంటికి చెప్పలేదా?"

"వాచీ చెప్పింది."

కండక్టరమ్మ ఆమె మొహంలోకి ఒకసారి చూసింది. రోడ్డు మధ్యకు వెళ్లి రెండు చేతులూ చాచి నిలబడింది. తిరిగొస్తున్న పాల వ్యాను కిర్రుమని ఆగింది. "ఏయ్ డ్రైవరూ, ఒకటే టికెట్టు, మధ్యలో దిగేది లేదు" అని ఆమెను భుజం మీద మోసుకెళ్లి ముందు సీట్లో కూర్చోబెట్టింది. తానూ ఎక్కి వ్యాను తలుపు మీద రెండు దెబ్బలు కొట్టింది. "రైట్ రైట్!" ఆ నొప్పిలోనూ ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. కండక్టరమ్మ కిటికీ బయటికి చూస్తూ, "నా నంబరు తెలుసా నీకు? కంఠతా పట్టు. ఫోనుల్లో ఉంటే లాభం లేదు" అని చెప్పించింది. ఇంటికి చేరేలోపు నాలుగుసార్లు అప్పజెప్పించింది.

ఇంట్లో దీపాలు వెలుగుతున్నాయి. భర్త కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. చెప్పులు గుమ్మం దగ్గర జంటగా, సరిగ్గా ఉన్నాయి.

"ఆరున్నరయింది" అన్నాడు తలెత్తకుండా. తర్వాత తలెత్తాడు. "అరె, ఏమైంది?"

"పడ్డాను."

"నే చెబుతూనే ఉన్నా" అంది అత్తగారు లోపల్నుంచి. "మరి కాఫీ?"

భర్త మంచివాడే. అందరూ అంటారు. మందు పెట్టె తెచ్చాడు, దూది తెచ్చాడు. గాయం కడుక్కోవడం తనకే బాగా తెలుసు కాబట్టి ఆమే కడుక్కుంది. ఆయన దూది పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు బల్ల మీది పట్టిక ఆమె కంట పడింది. సన్న వాచీ వరుస చివర, రిమార్కుల గడిలో, ఆయన గుండ్రటి చేతిరాతతో కొత్తగా ఒక వాక్యం ఉంది.

'శనివారం ఉ. 5:42కి మనిషి పడిపోయినట్టు తప్పుడు హెచ్చరిక. నిద్రాభంగం. నమ్మదగినది కాదు. మైనస్ 10.'

ఆమె రెండుసార్లు చదివింది. చదవడం రాక కాదు.

"ఇది ఎప్పుడు రాశారు?"

"అప్పుడే. మర్చిపోతానని. రాసి మళ్లీ పడుకున్నా."

"ఫోన్ చేశాను."

"మళ్లీ అదే మోగుతోందనుకుని సైలెంట్లో పెట్టాను."

"అది తప్పుడు హెచ్చరిక కాదండీ. నిజంగానే పడ్డాను. అప్పుడే పడ్డాను."

ఆయన ఆలోచించాడు. ఆమె ఆ మొహాన్నే చూస్తూ కూర్చుంది. సిగ్గు వస్తుందేమో, కనీసం రంగు మారుతుందేమోనని చూసింది. ఆయన లేచాడు. కలం తీశాడు, స్కేలు తీశాడు. 'తప్పుడు' అన్న మాట మీద సన్నగా గీత గీశాడు. 'నమ్మదగినది కాదు' మీద ఇంకో గీత. పక్కన పొట్టి సంతకం పెట్టాడు, ఆఫీసులో దిద్దుబాటుకు పెట్టినట్టు. మైనస్ పది కొట్టేసి, కూడిక మళ్లీ వేశాడు.

"చూశావా? సరిగ్గానే పనిచేసింది. నిమిషం కూడా తేడా లేదు. ఇదే మొదటి వరుస. ఇదే తీసుకుందాం."

వాచీకి న్యాయం జరిగింది. దాని పది మార్కులు దానికొచ్చాయి.

ఆమె అరవాలనుకుంటే అరవొచ్చు. ఇరవై ఏళ్లలో నాలుగైదుసార్లు అరిచింది కూడా. అరిచిన ప్రతిసారీ ఆయన ఓపిగ్గా విన్నాడు. విని, 'నువ్వు అలసిపోయావు' అన్నాడు. అలసిపోయిన మనిషి చేతిలోంచి పని మాత్రం అందుకోలేదు. చెడ్డవాడైతే ఒక దారి ఉండేది. కొట్టేవాడితోనో తాగేవాడితోనో ఏం చెయ్యాలో లోకం చెబుతుంది. తప్పులు దిద్దుకుని పక్కన సంతకం పెట్టేవాడితో ఏం చెయ్యాలో ఎవరు చెబుతారు? పడింది నిజమని తెలిశాక కూడా ఆయనకు తప్పు కనబడింది పట్టికలోనే. తన మంచంలో, తన దుప్పటి కింద కనబడలేదు. ఆమె లేచి, కుంటుకుంటూ వెళ్లి కాఫీ పెట్టింది. అత్తగారికి, భర్తకి, కూతురికి ఇచ్చింది. తను తాగలేదు. గ్లాసులు కడగలేదు. సింకులో అలాగే వదిలేసి ఎనిమిదింటికి పనికి వెళ్లింది.

"నిలబడే పని కదమ్మా, కుంటితే ఎలా? పోనీ సెలవు పెట్టావంటే మనుషులు లేరు" అన్నాడు ఇన్‌ఛార్జు. కుంటకూడదు, సెలవూ పెట్టకూడదు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. పదిహేడేళ్లలో మొదటిసారి కూర్చుని సూది గుచ్చింది. నరం ఎప్పటిలాగే దొరికింది. ఇన్‌ఛార్జు స్టూలు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, వెళ్లిపోయాడు.

చీలమండ వాపు పది రోజులకు తగ్గింది. ఆ పది రోజులూ పరుగు లేదు. ఆరూ పదికి కాఫీ మాత్రం ఉంది. సన్న వాచీ సహోద్యోగి ఇంటికి చేరింది. కండక్టరమ్మకు ఆవిడ వాచీ తిరిగిస్తూ ఆమె ఒక్కటే అడిగింది.

"అక్కా, ఇది కూడా పడితే కబురు పంపుతుందా?"

"ఫోను నడుముకి కట్టుకుంటే పంపుతుంది. నాది మా చెల్లెలి నంబరు. ఒకసారి పొరపాటున పోయింది కబురు, నేను పడనేలేదు. చెల్లెలు రాత్రి బట్టలతోనే ఆటోలో దిగింది. పడలేదని తెలిసి నన్ను కొట్టింది." కండక్టరమ్మ నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. "నువ్వెవరిది పెట్టుకుంటావు?"

ఆదివారం అంగడికి వెళ్లారు. ఆమె ఒక్కతే వెళ్లాలనుకుంది. "కొనుగోలు దగ్గర నేను లేకపోతే ఎలా?" అని భర్త ఫైలు పట్టుకుని వెంట వచ్చాడు. అమ్మే అమ్మాయి గాజు బల్ల మీద సన్న వాచీ తీసిపెట్టింది. ఆయన అడిగింది అదే.

"ఇది కాదమ్మా. పరుగు వాచీలో చిన్న సైజు చూపించు" అంది ఆమె.

"పట్టికలో అది రెండోది" అన్నాడు ఆయన.

"అవునండీ."

"దానికి ఫోన్లు రావు."

"రావండీ."

ఆ పిల్ల తెచ్చిన వాచీని ఆమె ఎడమ చేతికి పెట్టుకుంది. సంచిలోంచి చేతి తొడుగు ఒకటి తీసి దాని మీదుగా లాగింది. అంచు చిరగలేదు. బొత్తాలు తొడుగు మీదినుంచే నొక్కి చూసింది. ఆయన గొంతు తగ్గించి, "మార్కులు నలభై తేడా ఉంది, నేను పొరపాటు వేస్తానా?" అన్నాడు. ఆమె కార్డు ఇచ్చేసింది.

అమ్మాయి ఆమె ఫోన్ తీసుకుని వాచీకి కలపడం మొదలుపెట్టింది. పేరు అడిగింది, ఎత్తు, బరువు అడిగింది. "మేడం, పరుగులో ఎక్కడైనా పడితే మెసేజ్ ఎవరికి వెళ్లాలి? ఒక నంబరు చెప్పండి."

"తొమ్మిది, ఎనిమిది, నాలుగు..." భర్త అందుకున్నాడు. అడిగింది ఎవరినో ఆయనకు తోచనే లేదు. అమ్మాయి మూడంకెలు నొక్కేసింది కూడా.

"చెరిపెయ్యమ్మా" అంది ఆమె. పది అంకెలూ గడగడా చెప్పింది. ఎక్కడా చూడలేదు, ఎక్కడా ఆగలేదు.

భర్త నోరు తెరుచుకుని విన్నాడు. ఫైలు చంక మార్చుకున్నాడు.

"అది నా నంబరు కాదే?"

"కాదండీ."

"మరి ఎవరిది?"

ఆమె వాచీ పట్టీ ఒక రంధ్రం బిగించుకుంది.

"లేచి వచ్చేవాళ్లది."